చూడకుండా రాసిన ఆట కోసం నాందేడ్‌కు

బాబాల మీద, వాస్తు మీద, ముహూర్తాల మీద ముప్పై ఏళ్లుగా రాస్తున్నాను. తెనాలిలో మా పోస్ట్‌మ్యాన్‌కు నా ఇల్లు బాగా తెలుసు. తిట్టేవారు తిడతారు, పొగిడేవారు పొగుడుతారు. రెండూ చదివి పక్కన పెట్టేస్తాను. నాందేడ్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని మాత్రం పక్కన పెట్టలేకపోయాను. అందులో తిట్టు లేదు, పొగడ్త లేదు, ఒక ప్రశ్న ఉంది.

"మేడం, కొట్లాటల వీడియో గేముల మీద మీరు రాసిన వ్యాసాన్ని మా తెలుగు సంఘం అధ్యక్షుడు కత్తిరించి, మేం ఆడుకునే గది తలుపుకు అంటించిండు. వచ్చే ఆదివారం మీటింగ్ పెట్టి గది మూస్తమంటున్నరు. మీరు ఆ ఆట చూసి రాసిన్రా, చూడకుండ రాసిన్రా? చూసి రాస్తే మేం ఏమనం. చూడకుండ రాస్తే ఒక్కసారి వచ్చి చూడున్రి. చూసినంక గూడ గదే మాట అంటే, తాళంచెవి మేమే తెచ్చిస్తం."

కింద అనసూయ అని సంతకం. నాన్న రైల్వే ఉద్యోగి, వాళ్లది నిజామాబాద్ వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబం, తను జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. వయసు ఇరవై మూడు.

ఆ వ్యాసంలో నేను ఆ ఆటలను తెర మీద కోడిపందేలన్నాను. బుద్ధిని మొద్దుబార్చే కొత్త మత్తు అన్నాను. నిజం చెప్పాలంటే అంతవరకు ఒక్క ఆటా చూడలేదు. పక్కింటావిడ తన కొడుకు గురించి పడ్డ బాధ విన్నాను, పేపర్లో నాలుగు ముక్కలు చదివాను, కలం తీశాను. దేవుణ్ని చూడకుండా నమ్మేవాణ్ని ఏకిపారేసే మనిషిని, ఆటను చూడకుండా ఏకిపారేశాను. టికెట్ కొనక తప్పలేదు.

ముద్ఖేడ్‌లో దిగిపోయాను

తెల్లారాక కిటికీలోంచి పత్తిచేలు, సోయా చేలు చూస్తూ కూర్చున్నాను. మా వైపు ఇంత నల్లనేల కనిపిస్తే దాని మీద ఇల్లు కట్టేస్తారు. ఒక స్టేషన్లో పెట్టెలో సగం మంది లేచి సామాన్లు దించడం మొదలుపెట్టారు. నేనూ సంచీ తీసుకుని దిగాను. బండి వెళ్లిపోయింది. బోర్డు చూస్తే ముద్ఖేడ్. దిగినవాళ్లంతా అక్కడి పోలీసు దళాల శిక్షణ కేంద్రానికి వెళ్లే కుర్రాళ్లట.

ప్లాట్‌ఫాం మీద టీ అమ్మే ఆవిడతో నాకు వచ్చిన అరకొర హిందీ మొదలుపెట్టాను. ఆవిడ నవ్వింది.

"తెలుగుల మాట్లాడమ్మా. నాందేడ్ ఇంక ముందటుంది గద, గీడ ఎందుకు దిగినవ్?"

"అందరూ దిగుతుంటే దిగానమ్మా."

"అందరు దిగితె నువ్వు గూడ దిగుతవా?"

గుంపు వెంట పోవద్దని మూడు జిల్లాల్లో ఉపన్యాసాలిచ్చిన దాన్ని, ఏం చెప్పను? టీ పది రూపాయలు. గ్లాసు మా ఊరి గ్లాసులో సగం, అల్లం ఘాటు మాత్రం రెండింతలు. రెండో గ్లాసుకు డబ్బు తీసుకోలేదు. "తప్పిపోయి వచ్చినోళ్లు చుట్టాల లెక్క" అంది. తర్వాతి ప్యాసింజర్లో నా సంచీ తనే ఎక్కించింది. ఆవిడ పేరు అడగడం మరిచిపోయాను, అందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

తలకు గుడ్డ, చేతికి రొట్టె

అనసూయ స్టేషన్‌కు వచ్చింది. సన్నగా, చెవుల దాకా కత్తిరించిన జుట్టు, భుజాన జిరాక్స్ షాపు సంచీ. "మేడం, మీరు వస్తరనుకోలే" అని ఒక్క మాటన్నది. తర్వాత దారంతా ఆటోవాడితో మరాఠీలో బేరం. ముప్పైకి ఒప్పించింది.

మధ్యాహ్నం గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే లంగరు భోజనానికి తీసుకెళ్లింది. తల కప్పుకోమన్నారు. ఏ దేవుడి ముందూ కప్పని తల. కాసేపు నిలబడ్డాను. ఆకలి గెలిచింది. నాకు అటు కూర్చున్న మనిషి కులం, ఇటు కూర్చున్న మనిషి ఊరు ఎవరూ అడగలేదు. అందరికీ ఒకే పప్పు, ఒకే రొట్టె, ఒకే నేల. పంక్తిభోజనాల కోసం మా పెద్దలు ఎన్ని సభలు పెట్టారో, ఎన్ని దెబ్బలు తిన్నారో తెలిసిన దాన్ని. నేను నమ్మని చోట నేను కోరుకున్నది రోజూ జరుగుతోంది. ఆ పప్పుకు కృతజ్ఞతలు చెప్పడానికి నాకు దేవుడితో పని పడలేదు.

సాయంత్రం వాళ్లింట్లో భాకరీ అనే జొన్నరొట్టె, శెనగపిండితో చేసిన పిఠ్లా, దంచిన పచ్చిమిరపకాయల తేచా. అన్నం చివర్లో, గుప్పెడు. మా ఇంట్లో అన్నమే మొదలు, అన్నమే చివర. "గిదేంది మేడం, మిరపకాయ తింటుంటె గుంటూరోళ్లకు గూడ కండ్లల్ల నీళ్లొస్తయా?" అని అనసూయ వాళ్లమ్మ నవ్వింది. వచ్చాయి.

వెనక గది

తెలుగు సంఘం హాలు వెనక విరిగిన కుర్చీలు పడేసే గది ఒకటుండేదట. అనసూయ, ఇద్దరు స్నేహితులు, ముగ్గురూ కలిసి దాన్ని శుభ్రం చేసి, ఒక పాత టీవీ, సెకండ్‌హ్యాండ్ ఆట డబ్బా, ఆరు రిమోట్‌లు తెచ్చుకున్నారు. తలుపు మీద నా వ్యాసం. మైదాపిండితో గట్టిగా అంటించారు. నా ఫోటో కూడా ఉంది. శనివారం పొద్దున నా ఫోటోను దాటుకుని లోపలికి వెళ్లాను.

ముగ్గురిలో రెండో మనిషి గంగారాం. కిన్వట్ తాలూకా మాండవి దగ్గర పల్లె. ఇంట్లో సెంటు భూమి లేదు, అమ్మానాన్నలు ఇంకా పత్తి ఏరే కూలికి పోతారు. అతను ఇక్కడ పంచర్ షాపులో పని చేస్తాడు. నన్ను చూడగానే "మావ్షీ" అన్నాడు. మరాఠీలో పిన్ని అని. నన్ను తిట్టాల్సిన మనిషి నాకు వరస కలిపాడు. మూడో మనిషి నస్రీన్, దర్జీ పని, ఇద్దరు పిల్లల తల్లి. కుట్టు లేని వేళ వచ్చి ఆడుతుంది. "బైఠో ఖాలా", కూర్చో పిన్నీ అంటూ ఉన్న ఒక్క మంచి కుర్చీ నా వైపు జరిపింది.

ఆట గురించి అనసూయ చెప్పింది. జట్టుకు ముగ్గురు యోధులు. తెర మీద ఒకసారికి ఒక్కరే ఉంటారు, మిగతా ఇద్దరు వెనక ఆగుతారు. వీళ్ల పద్ధతిలో ఒక్కో యోధుడు ఒక్కో మనిషి చేతిలో ఉంటాడు. తెర మీద ఉన్నవాడు మార్పిడి బటన్ నొక్కితే తను వెనక్కి పోతాడు, స్నేహితుడు ముందుకొస్తాడు. ఇంకో బటన్ నొక్కితే స్నేహితుడు రెప్పపాటు దూకి ఒక దెబ్బ కొట్టిపోతాడు. అలా పిలిచినప్పుడు ఎదుటివాడు ఇద్దరినీ కలిపి కొడితే నష్టం ఇద్దరిదీ.

ప్రాణానికి ఒక పచ్చగీత ఉంటుంది. దెబ్బ తగిలితే అందులో కొంత ఎర్రబడుతుంది. వెనక్కి వచ్చి ఆగితే ఆ ఎరుపు మెల్లగా మళ్లీ పచ్చబడుతుంది. పంతానికి ముందే నిలబడితే ఎరుపు కూడా పోతుంది.

"అయితే వెనక్కి రావడం పారిపోవడం కాదన్నమాట" అన్నాను.

"పారిపోవుడెట్లయితది మేడం? మనోడు కొట్లాడుతుండు గద."

ఇంకోటి కూడా నచ్చింది. కొట్టేవాణ్ని అడ్డుకోవచ్చు. ఎప్పుడూ అడ్డుకుంటూ కూర్చున్నవాణ్ని పట్టుకుని విసరొచ్చు. పట్టుకోవడానికి వచ్చేవాణ్ని ముందే కొట్టొచ్చు. మూడింటిలో ఏదీ సర్వశక్తిమంతం కాదు. నా జీవితమంతా నేను వెతికిన నీతి, వెనక గదిలో పాత టీవీలో దొరికింది.

నా చేతికి రిమోట్ ఇచ్చారు. ఒక బటన్ దొరికించుకుని దాన్నే నొక్కుతూ పోయాను. గంగారాం తల పట్టుకున్నాడు.

"మావ్షీ, గట్ల గుద్దుకుంట పోతె ఎట్ల? ఎదుటోడు ఏం జేస్తుండో జర చూడు. నువ్వు నీ చెయ్యి తప్ప ఏం చూస్తలేవు."

వాదనల్లో నాకు ఎదురు నిలిచినవాళ్లెవరూ ఈ మాట అనలేదు. అనాల్సింది.

తర్వాత గంగారాం కూర్చున్నాడు. కూర్చోగానే కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. వేళ్లు రిమోట్ మీద ఒక క్రమంలో, నెమ్మదిగా తిరుగుతున్నాయి. నా ఒళ్లు మండింది.

"ఏ దేవుడికి బాబూ ఈ జపం? చేతిలో రుద్రాక్షలొక్కటే తక్కువ!"

అనసూయ "మేడం, అది..." అంటూ ముందుకొచ్చింది. చెయ్యెత్తి ఆపాను. నన్ను పూర్తి చేయనివ్వమన్నాను. గెలుపోటములను అదృష్టానికి అప్పగించే బుద్ధి గురించి, క్రికెటర్ల తాయెత్తుల గురించి, పరీక్ష హాలు ముందు కొట్టే కొబ్బరికాయల గురించి పది నిమిషాలు మాట్లాడాను. బాగానే మాట్లాడాను. గంగారాం కళ్లు తెరిచి, చెవులు ఎర్రబడి, నవ్వి ఊరుకున్నాడు. నస్రీన్ నేల చూపు చూసింది. నెగ్గాననుకున్నాను.

నాయ్‌గావ్ జట్టు

ఆదివారం పొద్దున నాయ్‌గావ్ నుంచి ముగ్గురు వీళ్లతో పోటీ ఆడటానికి బస్సు దిగి వచ్చారు. చేలో పీకిన పచ్చి పల్లీలు గంపెడు ఉడకబెట్టుకొచ్చారు. ఆటకు ముందే రెండు జట్లూ కలిసి తిన్నాయి. మా వైపు పందెంబరిలో ఎదుటి ఊరివాడితో ఎవరూ తిండి పంచుకోరు. కోడిపందెమన్న నా మాట అక్కడే సగం చచ్చింది.

అధ్యక్షుడు రాజన్న కూడా వచ్చి వెనక గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు. డెబ్భై దాటిన మనిషి, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. చెడ్డవాడు కాదు. ముందు రోజు నాతో అన్నారు: "పిల్లలు బయట అంత మరాఠీనే. తెలుగు వినిపించేది గీ ఒక్క హాలుల. గీడ గూడ ‘కొట్టు, కొట్టు’ అని అరుస్తె ఎట్లమ్మా? రేపు పొద్దుగాల వాళ్లు ఏం సాధిస్తరో చూస్త, సాయంత్రం చెప్త." ఆయన ముందు గెలిచి చూపాలని ముగ్గురికీ ఆశ. గది ఉండటం, పోవడం ఆ పూట ఆట మీదే ఉంది.

వాళ్ల ఆటకు ఒక కట్టుబాటు ఉంది. మొదలుపెట్టే ముందు ప్రతివాడూ "హో" అనాలి. మరాఠీలో సరే అని. ఆరుగురూ అన్నాక గాని ఆట మొదలవదు. నాయ్‌గావ్ వాళ్లు ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. అనసూయ, నస్రీన్ మూసుకున్నారు. గంగారాం ఒక్కసారి నా వైపు చూసి, కళ్లు తెరిచే ఉంచి, "హో" అన్నాడు. నాకు గర్వమనిపించింది. ఆ సంగతి దాచను.

అనసూయ మొదట దిగి వాళ్లలో ఒకణ్ని కూల్చి, తనూ కూలింది. నస్రీన్ ఇంకొకణ్ని కూల్చింది, ఆమె గీత సగం ఎర్రబడింది. తెలివిగా వెనక్కి తగ్గి గంగారాంను ముందుకు పంపింది. వాళ్లకు మిగిలింది ఒక్కడు. గంగారాం అందంగా ఆడాడు. వంగి వచ్చే దెబ్బను కూర్చుని అడ్డుకున్నాడు, ఎగిరి వచ్చే దెబ్బను నిలబడి అడ్డుకున్నాడు. ఈలోగా నస్రీన్ గీత మళ్లీ పచ్చబడింది. అతని గీత ఎర్రబడుతోంది. ఇప్పుడు మారాలి.

"మారు గంగారాం!" అని అనసూయ అరిచింది.

నొక్కాడు. మారలేదు. మళ్లీ నొక్కాడు. అతని బొటనవేలి గోరు తెల్లబడటం నాకు కనిపిస్తోంది. తెర మీద అతని యోధుడు దెబ్బ మీద దెబ్బ తిని కూలాడు. నస్రీన్ ఒంటరిగా దిగి, కాసేపు నిలిచి, పడిపోయింది.

గంగారాం లేచి నాయ్‌గావ్ ముగ్గురికీ చేతులు కలిపాడు. "భారీ ఖేళ్లాత్" అన్నాడు. బాగా ఆడారని. రాజన్న బయటికి వెళ్లిపోయారు.

నీళ్లకుండ దగ్గర

హాలు వరండాలో నీళ్లకుండ దగ్గర గంగారాం నుంచి రిమోట్ తీసుకుని చూశాను. మార్పిడి బటన్ లోపలికి దిగి అక్కడే ఇరుక్కుంది. గోరుతో లాగితే గాని పైకి రాలేదు.

"ముందే చూసుకోవద్దా బాబూ?" అన్నాను.

అనసూయ అన్నది, మెల్లగా: "చూసుకునుడే మేడం అది. మీరు జపమన్నది."

ఎనిమిది దిక్కులూ ఒకసారి, ఒక్కో బటన్ ఒక్కోసారి నొక్కి చూడటం. పెదాలతో లెక్క. పాత రిమోట్‌లు, చెమటకు ఏ బటన్ ఎప్పుడు ఇరుక్కుంటుందో తెలియదు. కళ్లు తెరిస్తే చూపు తెర మీదికి పోతుంది, వేలి కింద బటన్ పైకి లేచిందో లేదో తెలియదు. అందుకే కళ్లు మూయడం. అంతా బాగుందని తేలాకే "హో". ఆ మాట అన్నాక రిమోట్ చెడిందని ఎవరూ అనకూడదు.

"మరి నిన్న నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పనిచ్చిన్రా?"

చెప్పనివ్వలేదు. చెయ్యెత్తి ఆపాను.

"పోనీ ఆట ఆపి అయినా చెప్పొచ్చుగా గంగారాం?"

"హో అన్నంక ఎట్ల చెప్త మావ్షీ? అన్న అంటె అన్నట్టే."

కుండ మూత పట్టుకుని నిలబడిపోయాను. నమ్మే ముందు పరీక్షించమని నేను జీవితాంతం చెప్పిన పనినే వాళ్లు చేస్తున్నారు. మూసిన కళ్లు, కదిలే పెదాలు చూసి నేను తీర్పు చెప్పేశాను. ఒక పెద్దమనిషి మాటకు జంకి అతను పరీక్ష మానేశాడు. ముప్పై ఏళ్లుగా ఎలాంటి పెద్దమనుషుల మీద రాస్తున్నానో, ఆ గదిలో ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను.

నస్రీన్ గ్లాసుతో నీళ్లు నా చేతిలో పెట్టింది. "జానే దో ఖాలా. పహ్‌లే పానీ పియో." పోనివ్వమని. ఓడింది వాళ్లు, నీళ్లు నాకు. ముగ్గురిలో ఒక్కరు కూడా నన్ను ఒక్క మాట అనలేదు.

మీటింగ్

సాయంత్రం అయిదింటికి ఇరవై మంది దాకా కూర్చున్నారు. రాజన్న నా వ్యాసంలోంచి రెండు పేరాలు చదివి, "రాసినామె మన ముందటే ఉన్నది, ఆమెనే చెప్తది" అన్నారు.

లేచాను. ఆ వ్యాసం రాసేనాటికి నేను ఆ ఆట చూడలేదని చెప్పాను. పొద్దున ఓటమికి కారణం నేనేనని, ఎలాగో కూడా చెప్పాను.

"అయితె మీరు రాసింది తప్పంటరా?" అన్నారు రాజన్న.

"అందులో ఎంత తప్పో ఎంత ఒప్పో ఇంకా తెలియదండీ. రోజంతా ఆడి చదువు మానేసే పిల్లలు ఉండొచ్చు. తెలియకుండా రాశాను, అదైతే తప్పే. ఆ కాగితం ఆధారంగా మాత్రం ఈ గది మూయకండి."

రాజన్న నన్ను వదిలేసి గంగారాం వైపు తిరిగారు. "ఏమయ్యా, బటన్ పని చేస్తలేదని అప్పుడే ఎందుకు చెప్పలె? నేను గోడ దగ్గర్నే ఉంటి గద."

"హో అన్న గద సార్."

"చూసుకోకుండ ఎందుకన్నవ్?"

గంగారాం నా వైపు చూడకుండా ఉండటానికి పాట్లు పడుతూ, "తప్పయింది సార్" అన్నాడు.

ఆయన నాతో కాదు, ఎవరితోనూ కాదన్నట్టు అన్నారు: "బ్రేకు చూడకుండ నేను పచ్చజెండ ఊపలేదు, ముప్పై ఆరేండ్లు. ముందట డ్రైవర్ తొందరపెట్టినా, ఆఫీసర్ తొందరపెట్టినా." మళ్లీ గంగారాంను చూశారు. "ఇంకెవ్వరు తొందరపెట్టినా చూసుకోకుండ అనకు. ఎంత పెద్దోళ్లయినా సరే."

గది ఉంటుందన్నారు. అయిదు నుంచి ఏడున్నర వరకు. పరీక్షల నెలలో తాళం. అరుపులు తెలుగులోనే అరవాలి. ఈ చివరి షరతుకు నస్రీన్ చేయెత్తి, "హమారా క్యా?" అంది, మా సంగతేమిటని. నవ్వుల్లో ఆ షరతు ఎగిరిపోయింది.

వ్యాసాన్ని నన్నే తీసుకోమన్నారు. లాగితే సగమే వచ్చింది. మైదాపిండి గట్టిది, మిగతా సగం ఇంకా ఆ తలుపు మీదే ఉంది.

స్టేషన్

సోమవారం పొద్దున ముగ్గురూ బండి దగ్గరికి వచ్చారు. నస్రీన్ గుడ్డముక్కలతో కుట్టిన సంచీ ఇచ్చింది. అనసూయ అందులో భాకరీలు, తేచా సీసా పెట్టింది. వాళ్లకు నేను ఏమి తెచ్చానో తలచుకుంటే, తలుపు మీద ఒక కాగితం, ఒక ఓటమి.

బండి కదలబోతుంటే గంగారాం కిటికీ దగ్గరికొచ్చాడు.

"మావ్షీ, ఒక్కటడుగుత, కోపం జెయ్యకు."

"అడుగు."

"గిట్ల చూడకుండ రాసినయి ఇంకెన్ని ఉన్నయ్?"

అనసూయ అతని వీపు మీద ఒక్కటేసింది. ముప్పై ఏళ్లలో నన్ను ఇంత మర్యాదగా ఇంత పెద్ద ప్రశ్న ఎవరూ అడగలేదు. లెక్కపెట్టి చెబుతానన్నాను.

ఇంటికి వచ్చి నా వ్యాసాల సంపుటాలు రెండూ తీసి, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. నాలుగు రోజులు పట్టింది. గంగారాంది మరాఠీ బడి, తెలుగు చదవలేడు. అందుకే కార్డు మీద మాటలేవీ రాయలేదు. నాగరి అంకెలో తొమ్మిది వేసి, కింద సంతకం పెట్టి పంపాను.

జవాబు వచ్చింది. చేతిరాత అనసూయది, మాట గంగారాంది. "తొమ్మిదేనా మావ్షీ? మళ్లొకసారి చూడు."

చూశాను. పదకొండు.